సీటు ఏ దారిన వచ్చింది? విశాఖలో కాలేజీ ఎంపిక, చదువు ఖర్చు లెక్క

ఇంటర్ ఫలితాలు వెలువడిన రోజు నుంచి విశాఖపట్నంలో తల్లిదండ్రుల ఫోన్లకు విరామం ఉండదు. ఇల్లు గాజువాకలో ఉన్నా, పెందుర్తిలో ఉన్నా, భీమిలి దగ్గరి పల్లెలో ఉన్నా కాలేజీల పీఆర్వోలు పిల్లల పేర్లతో, మార్కులతో సహా పిలిచి మాట్లాడతారు. సీట్లు అయిపోతున్నాయని, ముందుగా కొంత కడితే ఖాయం చేస్తామని తొందర పెడతారు. ఆ తొందరలో చాలా కుటుంబాలు ఒక నిర్ణయాన్ని రెండుగా విడగొట్టుకుంటాయి. ముందు మంచి కాలేజీ ఏదో చూద్దాం, చేరిన తరువాత ఫీజు సంగతి, స్కాలర్‌షిప్పు సంగతి ఆలోచిద్దాం అనుకుంటాయి.

మన రాష్ట్రంలో ఈ రెండూ ఒకే ప్రశ్న. ప్రభుత్వం నుంచి అందే సాయంలో పెద్ద భాగం, ఆ సీటు ఏ దారిన వచ్చిందన్నదానిమీద ఆధారపడి ఉంటుంది. కాలేజీకి ఎంత పేరున్నా, పిల్ల ఎంత బాగా చదివినా ఆ దారి తప్పితే సాయం అందదు. ఒకే తరగతిలో, ఒకే బల్లమీద కూర్చున్న ఇద్దరి ఇళ్లలో ఆదాయం ఒకటే కావచ్చు. అయినా ఒకరి ట్యూషన్ ఫీజు ప్రభుత్వం కడుతుంది, మరొకరి ఫీజు కోసం తండ్రి వడ్డీకి అప్పు తెస్తాడు. చేరిన తరువాత ఈ తేడాను సరిదిద్దడం దాదాపు అసాధ్యం. అందుకే కౌన్సెలింగులో కాలేజీలను, బ్రాంచీలను వరుసగా ఎంచుకునే వెబ్ ఆప్షన్లు పెట్టకముందే, ఎవరికీ ఒక్క రూపాయి కట్టకముందే ఈ లెక్క తేలాలి.

ఇంజనీరింగ్‌తో మొదలుపెడతాను, గందరగోళం అక్కడే ఎక్కువ. 2021 నుంచి అధికారికంగా ఈఏపీసెట్ అయినా ఇళ్లలో ఇంకా ఎంసెట్ అనే పిలుస్తున్న పరీక్షలో ర్యాంకు వచ్చాక, ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీల్లో ప్రవేశానికి రెండు దారులున్నాయి. 70 శాతం సీట్లు కన్వీనర్ కోటావి. ర్యాంకు, రిజర్వేషన్, స్థానికత ఆధారంగా ప్రభుత్వ కౌన్సెలింగులో భర్తీ అవుతాయి. మిగిలిన 30 శాతం యాజమాన్య కోటా. కన్వీనర్ సీటు ఫీజును రాష్ట్ర ఉన్నత విద్యా నియంత్రణ, పర్యవేక్షణ కమిషన్ సిఫార్సు మేరకు ప్రభుత్వం మూడేళ్ల కాలానికి నిర్ణయిస్తుంది. యాజమాన్య సీటు ఫీజు అంతకంటే బాగా ఎక్కువ. బోధన మాత్రం ఒకటే, గది ఒకటే, పట్టా ఒకటే.

ఫీజు రీయింబర్స్‌మెంటు కన్వీనర్ కోటాకే వర్తిస్తుంది. యాజమాన్య కోటాకు లేదు, ఎన్ఆర్ఐ సీటుకు లేదు. కౌన్సెలింగ్ ముగిశాక మిగిలిన సీట్లను కాలేజీ స్థాయిలో నింపే స్పాట్ అడ్మిషన్‌కూ లేదు. ఈ చివరిది చాలామందికి తెలియదు. "కన్వీనర్ సీటే, స్పాట్‌లో ఇస్తున్నాం" అన్న మాట విని సాయం వస్తుందన్న నమ్మకంతో చేరినవారు, రెండో సెమిస్టరులో ఫీజు నోటీసు వచ్చినప్పుడు గానీ సంగతి గ్రహించరు.

మూడో దారి డీమ్డ్ విశ్వవిద్యాలయాలది. విశాఖలో అందరికీ తెలిసిన ఉదాహరణ గీతం. 1980లో ఇంజనీరింగ్ కాలేజీగా మొదలై 2007లో డీమ్డ్ హోదా పొందింది. ప్రవేశ పరీక్ష దాని సొంతం, ఫీజులు సొంతం, ప్రతిభకు ఇచ్చే రాయితీలూ సొంతమే. రాష్ట్ర ఫీజు పథకం పరిధిలోకి రాదు. ఇది ఆ చదువు నాణ్యత మీద తీర్పు కాదు. అక్కడ చేరాలనుకునేవారు నాలుగేళ్ల మొత్తాన్ని సొంత డబ్బుతోనో, బ్యాంకు రుణంతోనో భరించగలమా అని చూసుకోవాలి. సంస్థ ఇచ్చే రాయితీ మొదటి ఏడాదికేనా, నాలుగేళ్లకా, మార్కులు తగ్గితే పోతుందా అన్నది రాతపూర్వకంగా అడగాలి. ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం కింద ఏర్పడినవి మళ్లీ వేరు. వాటిలో 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో ఇవ్వాలన్న నిబంధన ఉంది. పేరులో విశ్వవిద్యాలయం అని ఉన్నంత మాత్రాన అన్నీ ఒకటి కావు.

1926లో ఏర్పడిన ఆంధ్ర విశ్వవిద్యాలయంలోనూ ఒక మెలిక ఉంది. ఇంజనీరింగ్ కాలేజీలో మామూలు సీట్లతో పాటు సెల్ఫ్ ఫైనాన్స్ సీట్లు ఉంటాయి, ఫీజు వేరు. "ఏయూలో సీటు వచ్చింది" అన్న సంతోషం న్యాయమైనదే. కానీ అలాట్‌మెంట్ ఆర్డరులో అది ఏ రకం సీటో చూసిన తరువాతే ఇంట్లో లెక్క వేసుకోవాలి.

రెండున్నర, నాలుగున్నర, ఎనిమిది

దారి తెలిశాక చూడవలసింది ఇంటి ఆదాయం. ప్రభుత్వ పథకాలన్నిటినీ పక్కపక్కన పెట్టి చూస్తే మూడు అంకెలు మళ్లీ మళ్లీ కనిపిస్తాయి: ఏడాదికి 2.5 లక్షలు, 4.5 లక్షలు, 8 లక్షలు. మీ కుటుంబం వీటిలో ఎక్కడ నిలుస్తుందో తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది.

రాష్ట్ర ఫీజు పథకానికి మొదటి అంకె గీత. 2008 ప్రాంతంలో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వ కాలంలో మొదలైన ఈ పథకం 2020లో విద్యా దీవెన పేరుతో, హాస్టల్ ఖర్చులకు వసతి దీవెన జోడింపుతో నడిచింది. 2024లో ప్రభుత్వం మారాక మళ్లీ పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్పుల పేరుతో సాగుతోంది. తల్లి ఖాతాలో వేయాలా, కాలేజీ ఖాతాలో వేయాలా అన్నది ప్రభుత్వంతో పాటు మారింది. మూలం మారలేదు. విద్యా దీవెన నియమాల్లో కుటుంబ ఆదాయం 2.5 లక్షలు మించకూడదు. మాగాణి పదెకరాలు, మెట్ట పాతికెకరాలు దాటకూడదు. ఇంట్లో ప్రభుత్వ ఉద్యోగి గానీ, పింఛనుదారు గానీ ఉండకూడదు, పారిశుద్ధ్య కార్మికులకు మాత్రం మినహాయింపు. సొంత కారు ఉండకూడదు, బతుకుతెరువు కోసం నడిపే ట్యాక్సీ, ఆటో, ట్రాక్టరు ఉంటే ఫరవాలేదు. ఆదాయపు పన్ను కట్టే కుటుంబం కాకూడదు. చేరాక హాజరు 75 శాతం ఉండాలి. వసతి దీవెన కింద ఐటీఐ విద్యార్థికి ఏడాదికి 10,000, పాలిటెక్నిక్‌కు 15,000, డిగ్రీ ఆపైన 20,000 రూపాయలు అని అప్పట్లో నిర్ణయించారు.

అర్హత ఉండి కూడా సాయం ఆగిపోయే సందర్భాలు కాగితాల దగ్గరే ఎక్కువ. ఆధార్‌లో పేరు ఒకలా, పదో తరగతి మెమోలో మరోలా ఉంటుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం పూర్తయి ఉండదు. పెళ్లయి వెళ్లిన అక్క పేరు ఇంకా ఈ ఇంటి వివరాల్లోనే ఉండి, బావ ఉద్యోగం ఈ ఇంటి లెక్కలో పడుతుంది. రేషన్ కార్డులోని వివరాలు, సచివాలయం దగ్గరున్న కుటుంబ వివరాలు, రాష్ట్ర స్కాలర్‌షిప్పుల పోర్టల్ జ్ఞానభూమిలోని దరఖాస్తు ఈ మూడూ ఒక్కలా ఉన్నాయో లేదో ఇంటర్ రెండో ఏడాదిలోనే సరిచూసుకోవడం మంచిది. జూన్‌లో సచివాలయం ముందు వరుస కట్టేవారిలో సగం మంది జనవరిలో తీరిగ్గా చేయించుకోగల పనికే వచ్చి ఉంటారు.

ఇప్పుడు ఒక లెక్క. అంకెలు ఊహించినవే, మీ కాలేజీ అంకెలు వాటి స్థానంలో పెట్టుకోండి. గాజువాకలో అద్దె ఇంట్లో ఉండే ఒక కాంట్రాక్టు కార్మికుడి కూతురు ఉంది. ఏడాది ఆదాయం 2.2 లక్షలు. బాగా పేరున్న ఒక కాలేజీలో కంప్యూటర్ సైన్స్ యాజమాన్య కోటాలో 1,60,000కు ఇస్తామన్నారు. అంతగా పేరు లేని మరో కాలేజీలో అదే బ్రాంచి కన్వీనర్ కోటాలో వస్తోంది, ఫీజు 60,000. మొదటి చోట నాలుగేళ్లకు 6,40,000 చేతినుంచి పోతుంది. రెండో చోట ట్యూషన్ ఫీజు ప్రభుత్వానిది, పరీక్ష ఫీజులు, పుస్తకాలు, ప్రయాణం ఇంటివి. పేరున్న కాలేజీకీ, పేరు లేని కాలేజీకీ మధ్య తేడా ఆ అమ్మాయి జీవితంలో ఆరు లక్షల అప్పుకు సాటి రాగలదా? నా అభిప్రాయంలో చాలా సందర్భాల్లో రాలేదు. పేరున్న కాలేజీలో అదే బ్రాంచి కాకుండా ఎలక్ట్రికల్ గానీ, మెకానికల్ గానీ కన్వీనర్ కోటాలో వస్తే అది ఇంకా మంచి బేరం. ఉక్కు కర్మాగారం, హిందుస్థాన్ షిప్‌యార్డు, నౌకాదళ డాక్‌యార్డు, హెచ్‌పీసీఎల్ రిఫైనరీ, పరవాడ ఫార్మాసిటీ ఉన్న నగరంలో ఆ బ్రాంచీలను చిన్నచూపు చూడటం నాకు బాధ కలిగిస్తుంది.

ఆదాయం 2.5 లక్షలు దాటి 8 లక్షల లోపు ఉన్న కుటుంబాల గురించి ఎవరూ మాట్లాడరు. చిన్న కిరాణా కొట్టు, ప్రైవేటు స్కూలు టీచరు జీతం, నెలకు పాతిక ముప్పై వేల ఉద్యోగం. రాష్ట్ర పథకం గీతకు పైన ఉంటారు, యాజమాన్య ఫీజుకు కింద ఉంటారు. తమకు ఏ సాయమూ లేదని నమ్మి ప్రయత్నమే చేయరు. నిజానికి కేంద్ర పథకాలు ఎక్కువగా ఉన్నది ఈ మధ్య తరగతికే.

జాతీయ స్కాలర్‌షిప్ పోర్టల్‌లో దరఖాస్తు చేసే కేంద్ర పథకం ఒకటుంది. ఇంటర్ బోర్డు పరీక్షలో తన గ్రూపులో 80 పర్సంటైల్ పైన నిలిచి, కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉన్నవారికి డిగ్రీ స్థాయిలో ఏడాదికి 12,000, పీజీలో 20,000 రూపాయలు ఇస్తుంది. దేశం మొత్తం మీద ఏటా 82,000 మందికి కొత్తగా మంజూరవుతుంది, సగం ఆడపిల్లలకు. దీనికి ఒక షరతు ఉంది. రాష్ట్ర ఫీజు రీయింబర్స్‌మెంటు పొందేవారికి ఇది రాదు. కాబట్టి కన్వీనర్ సీటులో 60,000 ఫీజు మాఫీ అవుతున్న విద్యార్థి ఈ 12,000 కోసం దరఖాస్తు చేయడంలో అర్థం లేదు. రీయింబర్స్‌మెంటు రాని మధ్య తరగతి విద్యార్థి తప్పక చేయాలి. ఏ పథకం నియమాల్లోనైనా ముందుగా వెతకవలసిన వాక్యం ఇదే: ఇతర ప్రభుత్వ సాయం పొందేవారు అర్హులా, కారా?

సాంకేతిక విద్యలో చేరే ఆడపిల్లలకు సాంకేతిక విద్యను పర్యవేక్షించే జాతీయ మండలి ఏఐసీటీఈ వారి ప్రగతి స్కాలర్‌షిప్పు ఏడాదికి 50,000. ఆదాయ పరిమితి 8 లక్షలు, ఒక ఇంట్లో ఇద్దరు అమ్మాయిల వరకు. డిప్లొమాకూ, డిగ్రీకీ ఉంది. దివ్యాంగులకు సక్షమ్, తల్లిదండ్రులను కోల్పోయిన పిల్లలకు స్వనాథ్ పేరుతో అంతే మొత్తం ఇస్తున్నారు. సీట్లు పరిమితం కనుక అందరికీ రాదు, కానీ అర్హులైన అమ్మాయిల్లో దరఖాస్తే చేయనివారు చాలామంది.

ప్రైవేటు సంస్థల సాయమూ చిన్నది కాదు. రిలయన్స్ ఫౌండేషన్ డిగ్రీ మొదటి ఏడాది విద్యార్థులకు ఏటా 5,000 మందికి, కోర్సు మొత్తానికి 2 లక్షల వరకు ఇస్తోంది. కుటుంబ ఆదాయం 15 లక్షల లోపు ఉంటే దరఖాస్తు చేయవచ్చు, 2.5 లక్షల లోపు వారికి ప్రాధాన్యం, ఆన్‌లైన్ పరీక్ష ఉంటుంది. వృత్తి విద్యల్లో చేరే ఆడపిల్లలకు కోటక్ కన్య, ఇంజనీరింగ్, వైద్య విద్యార్థులకు ఫౌండేషన్ ఫర్ ఎక్సలెన్స్, పదో తరగతి తరువాత పేద విద్యార్థులకు విద్యాధన్ ఉన్నాయి. నిజమైన స్కాలర్‌షిప్పు ఏదీ దరఖాస్తుకు డబ్బు అడగదు, ఫోన్ చేసి ఓటీపీ అడగదు.

డబ్బు ఆలస్యంగా వస్తే

కన్వీనర్ సీటు, అర్హత, కాగితాలు అన్నీ సరిగా ఉన్నా ఒక సమస్య మిగిలే ఉంటుంది. ప్రభుత్వం ఆ సొమ్మును సకాలంలో విడుదల చేయదు. ఏ పార్టీ ప్రభుత్వం ఉన్నా ఈ పథకానికి బకాయిల చరిత్ర ఉంది. కాలేజీ యాజమాన్యాలు బకాయిల కోసం ఆందోళనలకు దిగడం రాష్ట్రంలో అలవాటైన వార్త. ఆ మధ్య కాలంలో నలిగేది విద్యార్థి. పరీక్ష ముందు హాల్ టికెట్ ఇవ్వబోమంటారు. చదువు పూర్తయినా టీసీ, మార్కుల జాబితాలు ఆపుతారు. "మీరు ముందు కట్టండి, ప్రభుత్వం ఇచ్చాక తిరిగి ఇస్తాం" అంటారు. ఉద్యోగంలో చేరవలసిన రోజున సర్టిఫికెట్లు చేతిలో లేక తిరిగే పిల్లలను చూస్తే కడుపు తరుక్కుపోతుంది. రాష్ట్రం ఇచ్చిన మాటకు పద్దెనిమిదేళ్ల పిల్లలను పూచీ పెట్టుకోవడం అన్యాయం. ఇందులో ప్రభుత్వానికీ, యాజమాన్యాలకూ ఇద్దరికీ బాధ్యత ఉంది.

అందువల్ల కాలేజీని ఎంచుకునేటప్పుడు ప్లేస్‌మెంట్ల గురించి అడిగినంత గట్టిగా దీని గురించీ అడగాలి. గత రెండు మూడేళ్లలో సొమ్ము ఆలస్యమైనప్పుడు ఈ కాలేజీ ఏం చేసింది? ఈ ప్రశ్నకు జవాబు రిసెప్షన్‌లో దొరకదు. మూడో ఏడాది, నాలుగో ఏడాది విద్యార్థులను కాలేజీ బస్టాపు దగ్గర అడిగితే ఐదు నిమిషాల్లో తెలుస్తుంది. కొన్ని కాలేజీలు ఓపిక పడతాయి, కొన్ని పట్టవు. ఇంట్లో వీలైతే ఒక ఏడాది ఫీజుకు సరిపడే మొత్తాన్ని, కనీసం సగాన్నయినా, కదపకుండా ఉంచుకోవడం మంచిది. అది సాధ్యం కాని ఇంటికి ప్రభుత్వ కాలేజీ, ఫీజు తక్కువగా ఉన్న కాలేజీ మరింత భద్రం. ఫీజు తక్కువైతే బకాయి పడినా ఆ భారం మోయగలిగినంతే ఉంటుంది.

వెబ్ ఆప్షన్ల సంగతి

ఆప్షన్ల సంఖ్యకు పరిమితి లేదు. ఎన్ని ఎక్కువ పెడితే అంత మంచిది. వరుస మాత్రం మీ నిజమైన ఇష్టాన్ని బట్టి ఉండాలి. రాదనుకున్న కాలేజీని పైన పెట్టినందువల్ల కింది సీటు పోదు. కంప్యూటర్ పైనుంచి కిందికి చూసుకుంటూ వస్తుంది, మీ ర్యాంకుకు మొదట దొరికినదాన్ని ఇస్తుంది. గత ఏడాది ఏ కాలేజీలో, ఏ బ్రాంచిలో, ఏ కేటగిరీలో చివరి సీటు ఎంత ర్యాంకుకు వచ్చిందో ప్రభుత్వమే విడుదల చేస్తుంది. మీ కేటగిరీ, అబ్బాయి, అమ్మాయి విభాగం, ఆంధ్ర విశ్వవిద్యాలయ ప్రాంతం అనే మూడూ సరిపోయే గడిలో అంకె చూడాలి. శ్రీకాకుళం నుంచి ప్రకాశం వరకున్న పాత జిల్లాలు ఏయూ ప్రాంతం, నెల్లూరు, రాయలసీమ పాత జిల్లాలు ఎస్వీయూ ప్రాంతం. రెండో విడతలో కొత్త సీటు వస్తే మొదటి విడతలో వచ్చింది రద్దయిపోతుంది, మళ్లీ వెనక్కి రాదు. కాబట్టి రెండో విడతలో మొదటి సీటు కంటే నిజంగా మేలైనవే పెట్టాలి.

పీఆర్వోలు "మేమే ఆప్షన్లు పెట్టి పెడతాం" అని హాల్ టికెట్ నంబరు, పాస్‌వర్డు, ఓటీపీ అడుగుతారు. ఇవ్వకండి. వారు తమ కాలేజీని మొదట పెట్టి, దాని కింద మీ ర్యాంకుకు ఎప్పటికీ రానివి పెడతారు. నాలుగేళ్ల చదువును, లక్షల రూపాయల సాయాన్ని నిర్ణయించే ఆ గంట పనిని ఇంట్లో కూర్చుని మీరే చేయాలి. ఇంట్లో చదువుకున్నవారు లేకపోతే ప్రభుత్వ హెల్ప్‌లైన్ కేంద్రానికి వెళ్లండి, లేదా మీ పిల్ల స్కూలు మాస్టారిని అడగండి.

కాలేజీ మంచిదో కాదో ఎలా తెలుస్తుంది? హోర్డింగుల మీద కనిపించే అత్యధిక ప్యాకేజీ ఒక్క విద్యార్థిది. జాతీయ ర్యాంకింగులో పాల్గొనే ప్రతి సంస్థా తన సమాచారాన్ని సొంత వెబ్‌సైటులో పెట్టాలి. ఎన్ఐఆర్ఎఫ్ పేరుతో ఉండే ఆ పత్రంలో ఎంతమంది చేరారు, ఎంతమంది సమయానికి పూర్తి చేశారు, ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి, మధ్యస్థ జీతం ఎంత అన్నవి ఉంటాయి. మధ్యస్థ జీతం అంటే ఉద్యోగం వచ్చినవారిలో సగం మంది దానికంటే తక్కువ, సగం మంది ఎక్కువ పొందారని. మీ పిల్ల చేరబోయేది ఆ మధ్యలోనే అనుకుని లెక్క వేయడం వివేకం. నాణ్యతను అంచనా వేసే జాతీయ సంస్థలు రెండున్నాయి: న్యాక్ ఇచ్చే గ్రేడు మొత్తం సంస్థకు, ఎన్‌బీఏ ఇచ్చే గుర్తింపు ఒక్కో బ్రాంచికి. సివిల్‌కు ఉన్న ఎన్‌బీఏను చూపించి కొత్తగా పెట్టిన కృత్రిమ మేధ బ్రాంచిలో చేర్చుకునేవారున్నారు. 2024-25 నుంచి ఏఐసీటీఈ ఒక బ్రాంచిలో సీట్ల సంఖ్యపై ఉన్న పరిమితిని తొలగించాక కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు బాగా పెరిగాయి. ఇరవై మంది విద్యార్థులకు ఒక అధ్యాపకుడు ఉండాలన్నది ఏఐసీటీఈ లెక్క. సెక్షన్లు పెరిగినంతగా అధ్యాపకులు పెరిగారా అన్నది కాలేజీ వెబ్‌సైటులోని అధ్యాపకుల జాబితా చూస్తే అర్థమవుతుంది.

దూరం కూడా ఖర్చే. విశాఖలో ఇంజనీరింగ్ కాలేజీలు నగరం అంచుల్లో చెల్లాచెదురుగా ఉన్నాయి. గాయత్రి విద్యా పరిషత్ మధురవాడ వైపు, అనిట్స్ సంగివలస దగ్గర, విజ్ఞాన్ దువ్వాడలో, రఘు దాకమర్రిలో. గాజువాకలో ఉండేవారికి సంగివలస, మధురవాడలో ఉండేవారికి దువ్వాడ అంటే రోజుకు గంటల ప్రయాణం. కాలేజీ బస్సు ఫీజు, లేదంటే హాస్టల్ ఫీజు ఏ పథకంలోనూ పూర్తిగా తిరిగి రావు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చింది కనుక, ఆర్టీసీ బస్సు కాలేజీ దాకా వెళుతుందా అన్నది అమ్మాయిల తల్లిదండ్రులు అడగదగిన ప్రశ్న.

ఇంజనీరింగ్ కాకుండా

బీటెక్ ఒక్కటే దారి అన్న భావన వల్ల తక్కువ ఖర్చుతో మంచి చదువు దొరికే చోట్లు కనుమరుగవుతున్నాయి. పదో తరగతి తరువాత కంచరపాలెం ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఏడాది ఫీజు ఐదు వేలకు లోపే. డిప్లొమా పూర్తయ్యాక ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో ఏడాదిలో చేరవచ్చు. రసాయన సాంకేతిక డిప్లొమాకు ప్రత్యేకంగా ఒక ప్రభుత్వ సంస్థ విశాఖలోనే ఉంది. పదో తరగతి మార్కులతో శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీలో ఆరేళ్ల కోర్సు దొరికితే, గ్రామీణ ప్రభుత్వ పాఠశాల పిల్లలకు దానికి మించింది అరుదు.

డిగ్రీలో చేరేవారికి ప్రభుత్వ ఆన్‌లైన్ ప్రవేశాల ద్వారా మద్దిలపాలెం కృష్ణా కాలేజీ, విశాఖ ప్రభుత్వ మహిళా కాలేజీ, 1860లో మొదలైన ఏవీఎన్ కాలేజీ లాంటివి అందుబాటులో ఉన్నాయి. ఇంటర్ బోర్డులో అగ్రశ్రేణి ఒక శాతంలో నిలిచి, బీఎస్సీలో గానీ ఇంటిగ్రేటెడ్ ఎమ్మెస్సీలో గానీ మౌలిక శాస్త్రాలు చదివేవారికి కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ ఇన్‌స్పైర్ పథకం కింద ఏడాదికి 80,000 రూపాయలు ఇస్తుంది. ఫిజిక్స్ అంటే ప్రాణం పెట్టే పిల్లను ఏడాదికి లక్షన్నర కట్టి ఇష్టం లేని బ్రాంచిలో చేర్చేముందు తల్లిదండ్రులు ఒక్కసారి ఈ అంకె చూడాలి.

జేఈఈలో మంచి ర్యాంకు వస్తే ఐఐటీ, ఎన్ఐటీల ఫీజు చూసి భయపడనక్కరలేదు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు, కుటుంబ ఆదాయం లక్ష లోపు ఉన్నవారికి అక్కడ ట్యూషన్ ఫీజు పూర్తిగా మాఫీ. లక్ష నుంచి 5 లక్షల లోపు వారికి మూడింట రెండు వంతులు మాఫీ. తాడేపల్లిగూడెం ఎన్ఐటీలో సగం సీట్లు మన రాష్ట్ర విద్యార్థులకే.

రుణం తీసుకోక తప్పకపోతే

బ్యాంకు విద్యారుణానికి 4 లక్షల వరకు మార్జిన్, అంటే మన వాటాగా పెట్టే సొమ్ము, అక్కరలేదు. 7.5 లక్షల వరకు కేంద్ర రుణ హామీ పథకం ఉన్నందున తనఖా పెట్టనక్కరలేదు. తల్లి గానీ తండ్రి గానీ సహ రుణగ్రహీతగా సంతకం చేస్తారు. చదువుకునే కాలం, ఆపైన ఒక ఏడాది కిస్తీ కట్టనక్కరలేదు. కానీ వడ్డీ ఆగదు, చాలామంది ఇది గమనించరు. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకుంటే, వడ్డీ 10 శాతం అనుకుంటే, కిస్తీ మొదలయ్యే నాటికి వడ్డీయే సుమారు 1,40,000 అవుతుంది. అసలుతో కలిపి 5,40,000. పదేళ్లలో తీర్చాలంటే నెలకు సుమారు 7,100. వడ్డీ సాయం దొరికితే 4 లక్షల అసలు మీదే కిస్తీ, నెలకు 5,300 ప్రాంతం.

ఆ వడ్డీ సాయం పథకాలే ఇక్కడ కీలకం. కుటుంబ ఆదాయం 4.5 లక్షల లోపు ఉండి, న్యాక్ గుర్తింపు ఉన్న సంస్థలో గానీ, ఎన్‌బీఏ గుర్తింపు ఉన్న కోర్సులో గానీ సాంకేతిక, వృత్తి విద్య చదివేవారికి ఆ విరామ కాలపు వడ్డీని కేంద్రం భరిస్తుంది. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పీఎం విద్యాలక్ష్మి పథకం దేశంలోని ఎంపిక చేసిన నాణ్యమైన సంస్థల్లో (మొదట 860) చేరేవారికి తనఖా, హామీదారు లేకుండా రుణం ఇస్తుంది. ఆదాయం 8 లక్షల లోపు ఉన్నవారికి, 10 లక్షల రుణం వరకు 3 శాతం వడ్డీ రాయితీ ఉంది, ఇతర ప్రభుత్వ స్కాలర్‌షిప్పు పొందనివారికి మాత్రమే. యాజమాన్య కోటాలో చేరినవారికి ఈ పథకం వర్తించదు. బ్యాంకుకు వెళ్లే ముందే ఆ సంస్థ జాబితాలో ఉందా, మీ సీటు ప్రతిభ ఆధారంగా వచ్చిందా అన్న రెండూ చూసుకోవాలి. వడ్డీ సాయానికి ఆదాయ ధ్రువీకరణ పత్రం రుణం మంజూరైన వెంటనే బ్యాంకులో ఇవ్వాలి. దరఖాస్తు చేశామనుకుని ఊరుకుంటే బ్యాంకు దానంతట అది అడగకపోవచ్చు.

చివరగా, చేరాక మనసు మారితే. క్యాపిటేషన్ ఫీజును నిషేధించిన చట్టం మన రాష్ట్రంలో 1983 నుంచి ఉంది. బిల్డింగ్ ఫండ్ పేరుతోనో, డొనేషన్ పేరుతోనో రసీదు లేకుండా తీసుకునేది ఏదైనా చట్టవిరుద్ధమే. అసలు సర్టిఫికెట్లను సరిచూసి తిరిగి ఇవ్వాలి గానీ కాలేజీ తన దగ్గర పెట్టుకోకూడదని యూజీసీ, ఏఐసీటీఈ రెండూ చెప్పాయి. 2018లో యూజీసీ ప్రకటించిన విధానం ప్రకారం, ప్రవేశాల చివరి తేదీకి పదిహేను రోజులకు ముందే మానుకుంటే ఫీజు పూర్తిగా తిరిగి ఇవ్వాలి, ప్రాసెసింగ్ ఖర్చుగా 5 శాతం, గరిష్ఠంగా 5,000 మాత్రమే తగ్గించుకోవచ్చు. పదిహేను రోజుల లోపైతే 90 శాతం, చివరి తేదీ తరువాత పదిహేను రోజుల వరకు 80 శాతం, నెల వరకు 50 శాతం. ఆ తరువాత ఏమీ రాదు. సంస్థ ఇవ్వనంటే యూజీసీ ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు. ఫీజు రసీదు, మానుకుంటున్నట్లు తేదీ వేసి ఇచ్చిన లేఖ నకలు జతచేయాలి. ఆ లేఖను చేతికి ఇచ్చి వచ్చేయకుండా కార్యాలయం ముద్ర వేయించుకోవాలి, లేదా ఈమెయిల్‌లో పంపాలి.